గాభరా మాస్టారి రెక్కల గుర్రం

మా స్టూడియోలో గాభరా మాస్టారికి ఉన్న జబ్బు ఒక్కటే. రెక్కలున్న ప్రాణి ఏదైనా సరే, అది సుఖంగా బతకగలదని తేలేదాకా ఆయన దాన్ని గాల్లోకి వదలరు. రెక్కల గుర్రం బొమ్మ చూస్తే మామూలు మనుషులు "అబ్బ, ఎంత బాగుందో" అంటారు. మాస్టారైతే, "అయ్యయ్యో, ఇది పక్కకి తిరిగి పడుకుంటే కింది రెక్క తిమ్మిరెక్కదూ?" అంటారు. అని ఊరుకుంటే జబ్బెందుకవుతుంది? ఇక ఆ రోజంతా అదే దిగులు. మధ్యాహ్నం భోజనం మధ్యలో చెయ్యి గాల్లోనే ఆపేసి, "తిమ్మిరే కాదు, ఈకలు విరుగుతాయి కూడా," అంటారు. ఎవరికీ ముద్ద దిగదు.

మేం పుస్తకాలకి బొమ్మలేస్తాం. కోటలు, భూతాలు, డ్రాగన్లు, లోకంలో లేనివన్నీ మా దగ్గర ఉంటాయి. కాగితం మీద నీటి రంగులతో వేసి, ఆరాక స్కాన్ చేసి పబ్లిషర్‌కి పంపిస్తాం. కాలేజీలో బొమ్మల కోర్సు అవగానే నేను మూడు నెలల ట్రయల్ మీద ఇక్కడ చేరాను. మొదటి రోజు నా బొమ్మల ఫైలు చూపించాను. కొండ అంచున రెక్కలు విప్పి నిలబడ్డ అమ్మాయి బొమ్మ అంటే నాకు ప్రాణం. అందరూ బాగుందన్నారు. మాస్టారు మాత్రం దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, నుదుటి చెమట తుడుచుకున్నారు.

"ఈ పిల్ల చొక్కా ఎలా తొడుక్కుంది?"

"సార్?"

"రెక్కలు వీపులోంచి వచ్చాయి. చొక్కా తల మీంచి దిగాలి. రెక్కల దగ్గర ఆగిపోతుంది. మరెలా తొడుక్కుంది?"

"అది... ఫాంటసీ సార్."

"ఫాంటసీ అయితే చలెయ్యదా?"

ఆ రాత్రే ఇంటికెళ్ళి ఆ పిల్లకో శాలువా గీశాను.

మాస్టారి దిగులు మా మెట్లు దిగి వీధిలోకి కూడా వెళ్తుంది. ఒకసారి గాలిదేవుడి కవల కొడుకుల బొమ్మ వెయ్యాల్సి వచ్చింది. గ్రీకు పురాణాల్లో వాళ్ళిద్దరికీ రెక్కలుంటాయి. మాస్టారు నన్ను వెంటబెట్టుకుని కింద ఉన్న టైలర్ దగ్గరికి బయల్దేరారు.

"ఒక మనిషున్నాడు. వీపు మీద రెక్కలు. చొక్కా కుట్టాలి," అన్నారు.

టైలర్ మెషిన్ మీంచి తలెత్తలేదు. "ఎంత పొడుగు?"

"ఒక్కోటి రెండు మీటర్లు."

"మడతపడతాయా?"

"పడతాయి."

"అయితే వీపు నిలువునా తెరిచి, మెడ దగ్గరో హుక్కు, నడుం దగ్గరో హుక్కు పెట్టాలి. రెక్క మొదట్లో గుండ్రంగా కత్తిరించి మెత్తటి పట్టీ వెయ్యాలి, లేకపోతే ఒరుసుకుపోతుంది. మనిషిని తీసుకురండి, కొలతలు కావాలి."

"ఆయన రాలేడండి."

"ఊళ్ళో లేడా?"

"పురాణంలో ఉన్నాడు."

టైలర్ అప్పుడు తలెత్తాడు. టేపు మెళ్ళో వేసుకుని, "అయితే ట్రయల్ ఎవరి మీద చూడాలి?" అన్నాడు. ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. పావుగంట తర్వాత నేను వీపుకి రెండు గొడుగులు కట్టించుకుని, విప్పు అంటే విప్పుతూ, ముడువు అంటే ముడుస్తూ టైలర్ షాపు ముందు నిలబడి ఉన్నాను. వీధి మొత్తం చూసింది. ఆ బొమ్మలో చొక్కాలు మాత్రం నిజంగా అద్భుతంగా వచ్చాయి.

ఇంకోసారి పశువుల డాక్టర్‌కి ఫోన్ చేశారు. మా పక్క బల్ల అక్క గ్రిఫిన్ వేస్తోంది అప్పుడు. గద్ద తల, గద్ద రెక్కలు, సింహం ఒళ్ళు. మాస్టారు అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టారు.

"డాక్టరుగారూ, సింహం ఒంటికి గద్ద తల పెడితే మాంసం గొంతులో ఇరుక్కుంటుందా?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "ఎప్పుడు పెట్టారు?"

"ఇంకా పెట్టలేదండి."

"పెట్టకండి." ఫోన్ కట్.

మాస్టారు అక్క వైపు జాలిగా చూశారు. "విన్నావుగా. డాక్టరే వద్దంటున్నారు."

పది రోజులుగా అదే బొమ్మ మీద కూర్చున్న అక్క బ్రష్షు కింద పడేసి బల్ల మీద తల పెట్టేసుకుంది. "మాస్టారూ, మీకు దండం పెడతాను, నన్ను వదిలెయ్యండి." చివరికి ఆవిడ ఆ గ్రిఫిన్‌కి కాస్త లావు మెడ పెట్టేదాకా మాస్టారు మంచినీళ్ళు కూడా తాగలేదు. తమాషా ఏమిటంటే, ఆ మెడ వల్లే అది ప్రాణమున్నదానిలా కనిపించింది. అక్క అది ఒప్పుకోదు.

ఇవన్నీ నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ నెలలో నాకు నవ్వే ఓపిక లేదు. నేను చేరాక మొదటి పెద్ద పుస్తకం వచ్చింది. గ్రీకు పురాణాల్లోని రెక్కల జీవాలు, పన్నెండు బొమ్మలు. ఇంతవరకూ ఎవరూ ఊహించనట్టు కొత్తగా ఊహించాలని పబ్లిషర్ షరతు. శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా పంపాలి. స్టూడియో మేడమ్ మాట్లాడేదే తక్కువ. ఆవిడ అందర్నీ నిలబెట్టి ఒకే ముక్క చెప్పారు.

"ఎవరి బొమ్మ ఆఖర్న వస్తే వాళ్ళు తర్వాతి పుస్తకంలో ఉండరు."

నా ట్రయల్ పూర్తయ్యేదీ ఆ శుక్రవారమే. తర్వాతి పుస్తకంలో లేనంటే ఇక లేనట్టే. ఇంట్లో నాన్న ముందే తేల్చేశాడు, మూడు నెలల్లో ఈ రెక్కల పని నిలబడకపోతే మావయ్య ఇన్సూరెన్సు ఆఫీసులో చేరాలని. మావయ్య అప్పటికే నాకో కుర్చీ కొని, ప్లాస్టిక్ కవరు కూడా తియ్యకుండా ఉంచాడు. దాని ఫోటో తీసి నాకు పంపించాడు కూడా. రోజూ పొద్దున బ్రష్షు పట్టుకోగానే ఆ కుర్చీ కళ్ళ ముందు తిరిగేది.

నాకు హార్పీలు వచ్చాయి. ఆడవాళ్ళ మొహాలు, పక్షుల ఒళ్ళు. గుడ్డి రాజొకడు భోజనానికి కూర్చోగానే పైనుంచి దూకి, తిండి లాక్కుపోతాయని కథ. నేను అందరూ వేసినట్టే వేశాను. కొక్కేల్లాంటి గోళ్ళు, బయటికొచ్చిన పళ్ళు, చింపిరి జుట్టు. మేడమ్ చూసి, "ఇవి ఇంతకుముందే చూశాను," అన్నారు. రెండోసారి వేశాను. "ఇవీ చూశాను." మూడోసారి ఆవిడ కాగితం బోర్లించి వెళ్ళిపోయారు. మూడు కాగితాలూ చింపేశాను. సోమవారం వచ్చేసింది. మిగతా వాళ్ళ బొమ్మలు ఒక్కొక్కటే స్కానర్ గదిలోకి వెళ్తున్నాయి. నా బల్ల మీద తెల్ల కాగితం. మేడమ్ చెప్పుల చప్పుడు వినపడితే చాలు, ఏదో గీస్తున్నట్టు కాగితం మీదకి వంగిపోయేదాన్ని.

ఒక్కటే ఊరట. మాస్టారి బొమ్మా అవలేదు. ఆయనకి రెక్కల గుర్రం వచ్చింది. బోర్డు మీద ఎప్పుడూ ఒక గుడ్డ కప్పి ఉంచేవారు. పొద్దున్నే మేడమ్ వచ్చి అడిగేవారు.

"మాస్టారూ, గుర్రం?"

"కాలేదు మేడమ్. నేల మీదకి దిగేటప్పుడు ముందు కాళ్ళు ఆనిస్తుందా, వెనక కాళ్ళా అన్నది తేలడం లేదు. ముందు కాళ్ళయితే మోకాళ్ళు పోతాయి."

మంగళవారం: "జూలు వెళ్ళి రెక్కల్లో చిక్కుకుంటోంది మేడమ్. దువ్వేవాళ్ళేరి?"

బుధవారం: "పరుపుల షాపుకెళ్ళొచ్చాను. అంత వెడల్పు తయారుచెయ్యరట."

అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని, కానీ లోపల ఒకటే లెక్క: నాకంటే వెనకబడినవాళ్ళు ఒకరున్నారు, హమ్మయ్య. అలా అనుకున్నందుకు వెంటనే సిగ్గేసేది. మళ్ళీ అనుకునేదాన్ని.

ఆ బుధవారమే ఆయన నా బల్ల దగ్గరికొచ్చారు. నా నాలుగో ప్రయత్నం మీదకి వంగి, యథాప్రకారం గాభరా పడిపోయారు.

"వీళ్ళకి చేతులేవి?"

"లేవు మాస్టారూ. రెక్కలే."

"మరి మొహం మీద జుట్టు పడితే?"

"పడనివ్వండి."

"ముక్కు దురదపెడితే?"

"మాస్టారూ!" నాకు ఏడుపొచ్చేసింది. "నాకింకా రెండు రోజులే ఉన్నాయి!"

"నీకు రెండు రోజులు తల్లీ. వీళ్ళకి పుట్టినప్పట్నించీ ఇదే అవస్థ." ఆయన వేలితో బొమ్మలోని జుట్టు సర్దబోయారు. "జడెవరు వేస్తారు వీళ్ళకి?" అనేసి, బొమ్మ కేసి తిరిగి తిరిగి చూసుకుంటూ వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండింది. మనిషి మునిగిపోతుంటే జడల గురించి అడగడమేమిటి? కానీ ఆ ప్రశ్న పురుగులా తొలిచేసింది. జడెవరు వేస్తారు? ఆలోచిస్తూ ఓ కాగితం అంచున గీశాను. ఒక హార్పీ కొమ్మ మీద కూర్చుంది. వెనక ఆమె అక్క కాలి వేళ్ళతో ఆమె జుట్టు మూడు పాయలు చేసి, ఒక పాయ పళ్ళతో పట్టుకుని అల్లుతోంది. గోళ్ళు ఎక్కడా గుచ్చుకోకుండా, చాలా జాగ్రత్తగా. నా చెయ్యి ఆగలేదు. మరి అన్నం? కంచం మోసుకెళ్ళే చేతుల్లేవు, పిలిచి వడ్డించేవాళ్ళు లేరు. దూకి లాక్కోక ఏం చేస్తారు? కింద రాజుగారి బల్ల గీశాను. లాక్కొచ్చిన రొట్టెముక్కని ఆ అక్కే చెల్లెలి నోటికి అందిస్తోంది. గోళ్ళు అవే, పళ్ళు అవే. కానీ ఈసారి చూస్తే భయం వెయ్యలేదు, వాళ్ళకి ఎంత ఆకలేస్తోందో అనిపించింది.

గురువారం పెన్సిల్ పని పూర్తయింది. శుక్రవారం పొద్దున రంగులు మొదలుపెట్టాను. మధ్యాహ్నం మూడింటికి నీళ్ళెక్కువై చెల్లెలి రెక్క మీద రంగు పొంగి మరకలా పాకింది. టిష్యూతో అద్ది, మళ్ళీ తడిపి, మళ్ళీ అద్దుతూ కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే మేడమ్ వచ్చారు.

"పది వచ్చాయి. రెండు రావాలి. నీదీ, మాస్టారిదీ."

నేను తలాడించాను. మాస్టారు గుడ్డ కప్పిన బోర్డు చుట్టూ ప్రదక్షిణం చేస్తూ, "గాలి ఎటువైపు నించి వీస్తుందో తేలిపోతే అయిపోయినట్టే మేడమ్," అన్నారు.

నాలుగున్నర. చెల్లెలి రెక్క మీద ఈకలు కుదిరాయి. నాలుగూ నలభై. హెయిర్ డ్రయ్యర్ పెట్టి కాగితం ఆరబెడుతుంటే కంగారులో వేడిగాలి కాగితం మీదకంటే నా మొహం మీదకే ఎక్కువ కొట్టింది. నాలుగూ నలభై అయిదుకి కాగితం పట్టుకుని పరిగెత్తాను. నా వెనక మేడమ్ గొంతు వినపడింది.

"అయితే మాస్టారూ, ఆఖరు మీరే."

"నేనే మేడమ్."

"రూలు రూలే."

"రూలే మేడమ్."

నాకు ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం పరిగెత్తుతున్నదాన్నల్లా వెనక్కి తిరిగి చూశాను. ఆయన్ని పంపించేస్తే ఎలా?

స్కానర్ గది చూసుకునే అన్న నా కాగితాన్ని గాజు మీద పరిచి మూత వేశాడు. నేను తెర మీద చూస్తూ నిలబడ్డాను. మొత్తం బొమ్మలన్నీ ఒక ఫోల్డర్‌లో వరసగా ఉన్నాయి. నాది చేరగానే లెక్క పన్నెండయింది. పదకొండు కావాలి కదా? మళ్ళీ లెక్కపెట్టాను.

"అన్నా, ఆ గుర్రం ఎవరిది? మాస్టారిదేనా? ఆయన ఇంకా ఇవ్వలేదుగా?"

అన్న గబగబా తెర అటు తిప్పేశాడు. "నువ్వు చూళ్ళేదు."

"చూశాను. తేదీ కూడా చూశాను. పన్నెండు రోజుల కిందటిది."

"నీ కళ్ళు పాడుగాను," అని నిట్టూర్చాడు అన్న. "ఎప్పుడో ఇచ్చేశాడమ్మా. ఆ పిల్ల బొమ్మ వచ్చేదాకా బయటపెట్టొద్దన్నాడు."

"ఆ పిల్లంటే... నేనా?"

"ఈసారి నువ్వు. పోయిన పుస్తకానికి, నువ్వు రాకముందు, గ్రిఫిన్ అక్క. అంతకుముందు నేను. అప్పట్లో నేనూ బొమ్మలేసేవాణ్ణిలే."

"మరి రోజూ ఆ గుడ్డ కింద ఉన్నదేమిటి?"

"ఖాళీ బోర్డు."

"మోకాళ్ళు పోతాయన్నారు! పరుపుల షాపుకెళ్ళారు!"

"అదంతా నిజం దిగులే. బొమ్మ అయిపోయినా ఆయనకి దిగులు అయిపోదు. దాన్ని ఇలా వాడుకుంటాడు."

నోరు మూసుకుంటే నా పని నిలబడుతుంది. నోరు తెరిస్తే మావయ్య కుర్చీ. రెండు నిమిషాలు ఆ గది గుమ్మంలో అటూ ఇటూ తిరిగాను. తర్వాత నా కాళ్ళు నన్నడక్కుండానే మేడమ్ గదిలోకి వెళ్ళిపోయాయి.

"మేడమ్, ఆఖరు నేను. మాస్టారు కాదు. ఆయనది ఎప్పుడో అయిపోయింది. తీసేస్తే నన్ను తీసెయ్యండి." ఒకే ఊపిరిలో చెప్పేశాను. ఊపిరి అయిపోయింది.

మేడమ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "తెలుసు."

"తెలుసా?"

"ఫ్యాను వేస్తే ఆ గుడ్డ లేచిపోతుంది. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను ఆ ఖాళీ బోర్డుని. ప్రతి పుస్తకానికీ ఆఖరు ఆయనే. పద్నాలుగుసార్లు తీసేశాను. ప్రతి సోమవారం నాకంటే ముందొచ్చి కూర్చుంటాడు."

"మరి... మరి ఆ రూలెందుకు మేడమ్?"

"రూలు లేకపోతే మీరు శుక్రవారానికి ఇస్తారా?"

మేడమ్ మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకుని, తన తెర మీదున్న నా హార్పీల కేసి చూశారు. చాలాసేపు చూశారు. "ఇవి ఇంతకుముందు చూళ్ళేదు," అన్నారు. "సోమవారం నువ్వూ రా."

బయటికొచ్చేసరికి బొమ్మలు పబ్లిషర్‌కి వెళ్ళిపోయాయి. అందరూ సర్దుకుంటున్నారు. మాస్టారు పద్నాలుగుసార్లు అలవాటైన మనిషిలా తన బ్రష్షులన్నీ కడిగి డబ్బాలో పెట్టుకుంటున్నారు. దగ్గరికెళ్ళాను.

"మాస్టారూ, గుర్రం పన్నెండు రోజుల కిందటే అయిపోయిందట."

నేనాయన్ని ఎన్నో గాభరాల్లో చూశాను, ఇంత గాభరాలో ఎప్పుడూ చూళ్ళేదు. "ఎవరన్నారు? స్కానర్ వాడా? వాడికేం తెలుసు బొమ్మ అవడం అంటే? అవలేదు!"

"అయిందట."

"అవలేదంటుంటే!" సొరుగు లాగి అసలు కాగితం తీసి నా ముందు పెట్టారు. "చూడు. నువ్వే చూడు. ఇది అయిపోయిన బొమ్మలా ఉందా?"

చూశాను. గుర్రం ఎగరడం లేదు. ఎక్కడి నుంచో చాలా దూరం ఎగిరి వచ్చి, అప్పుడే దిగింది. అలసిపోయిన గుర్రాలు నిలబడతాయే, అలా ఒక వెనక కాలు కొంచెం వంచి, బరువు మిగతా మూడింటి మీద వేసి నిలబడింది. వాన తడి ఇంకా ఆరని రెక్కలు రెండు పక్కలా వేలాడేసింది. పొట్ట కింద బురద. కళ్ళు సగం మూసుకుంది. ఇంటికి చేరినట్టుంది.

"ఇది అయిపోయింది మాస్టారూ."

"ఎక్కడైంది? ఇదిగో, ఈ ఈక కింద నీడేది? నీడ లేకుండా ఎవరైనా పంపిస్తారా?" కడిగి పెట్టిన బ్రష్షు మళ్ళీ తీశారు, నీళ్ళలో ముంచారు, బూడిద రంగు కలిపారు, ఆ ఈక కింద సన్నటి గీత వేశారు. నా వైపు చూశారు. నేను కదల్లేదు. ఇంకో గీత వేశారు.

"తప్పే మాస్టారూ," అన్నాను, స్టూలు లాక్కుని పక్కన కూర్చుంటూ. "నీడ లేకుండా ఎలా పంపిస్తారు? ఇంకెంతసేపు పడుతుంది?"

"చాలా పడుతుంది. నువ్వెళ్ళు."

"పర్లేదు, కూర్చుంటాను."

ఆయన మరో నాలుగు ఈకలకి నీడ పెట్టారు. అక్క బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది. అన్న లైట్లు ఒక్కొక్కటే ఆపుతున్నాడు. అయిదో ఈక దగ్గర మాస్టారి చెయ్యి ఆగిపోయింది. బ్రష్షు అలాగే పట్టుకుని, ఓరగా నా కేసి చూసి, గొంతు బాగా తగ్గించి అన్నారు:

"నువ్వు లేస్తే గానీ నేనిది ఆపలేను తల్లీ. బొమ్మ పాడైపోతోంది."